వెనక్కి నడక రద్దయిన వైనం

కొలను పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళకు ఒక సంఘం ఉండేది. దానికి అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు. ఆయన ఉద్యోగం లోంచి దిగిపోయి చాలా కాలమైనా, మెడలో ఈల మాత్రం దిగలేదు. ఆయన ఈల ఊదితే మనుషులే కాదు, కొలనులో బాతులు కూడా వరస కడతాయని సంఘంలో చెప్పుకునేవాళ్ళు. కార్యదర్శి ఆయన బావమరిదే. బస్టాండు పక్క సందులో కళ్ళజోళ్ళ షాపు నడుపుకునేవాడు. మెత్తటి మనిషి. కార్యదర్శి ఎలా అయ్యాడంటే, ఎన్నికల రోజున బావ "ఒరేయ్, నువ్వు రాసుకో" అన్నాడు, ఈయన రాసుకున్నాడు. అంతే.

ఒకరోజు నడక మధ్యలో వాన దంచి కొట్టింది. అందరూ పరుగున వెళ్ళి పంపుసెట్టు షెడ్డు చూరు కింద దూరారు. మాస్టారికి జనం ఒకచోట గుమిగూడి కనిపిస్తే చాలు, ప్రసంగం పుట్టుకొచ్చేది. గొంతు సవరించుకున్నాడు.

"మనం ఇన్నాళ్ళూ తప్పు నడుస్తున్నాం. ముందుకు నడవడం ఎవరైనా చేస్తారు. అసలైన వ్యాయామం వెనక్కి నడవడం. మోకాళ్ళకు బలం, నడుముకు బలం, బుర్రకు మరీ బలం. కాబట్టి ఇకనుంచి సంఘ సభ్యులంతా వెనక్కే నడవాలని తీర్మానం పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. అన్నీ లేచాయి. మాస్టారి కళ్ళు చెమర్చాయి. "ఏకగ్రీవం! రాసుకోరా" అన్నాడు. బావమరిది రాసుకున్నాడు.

తర్వాత ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, బేకరీ ఆయన వాన తగ్గిందో లేదో చూద్దామని చెయ్యి బయటికి చాచాడు. టైపు టీచరమ్మ జడపిన్ను సర్దుకుంటోంది. మాస్టారి భార్య, అంటే కార్యదర్శికి స్వయానా అక్క, ఆవులిస్తూ ఒళ్ళు విరుచుకుంది. మిగతావాళ్ళు పక్కవాళ్ళు ఎత్తారు కదా అని ఎత్తారు. కార్యదర్శి చేతిలో కలం ఉంది, ఆ చెయ్యి కాస్త పైనే ఉంది.

మర్నాటి నుంచి పార్కు పార్కులా లేదు. నలభై యాభై మంది మనుషులు కొలను చుట్టూ వీపులు ముందు పెట్టుకుని బయల్దేరేవాళ్ళు. ఎవరు ఎవర్ని గుద్దుతున్నారో ఎవరికీ తెలిసేది కాదు. "క్షమించండి" అని వెనక్కి తిరిగితే అక్కడ చెత్తడబ్బా ఉండేది. బేకరీ ఆయనది మంచి బొజ్జ. వెనక్కి నడిచేటప్పుడు ఆ బొజ్జ పనికిరాదు కదా, దెబ్బలన్నీ నేరుగా నడుముకే తగిలేవి. ఆయన ఒక సైకిలు అద్దం కొని చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అందులో వెనక దారి కంటే ఆయన మీసమే ఎక్కువ కనిపించేది. మీసం దువ్వుకుంటూ వెళ్ళి రెండుసార్లు ముళ్ళపొదలో కూర్చున్నాడు.

ఒకడు తప్పిపోయాడు కూడా. వెనక్కి నడుస్తూ నడుస్తూ గేటు దాటి, వీధి దాటి, ఎవరిదో పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన దుప్పటి మీద పడేసరికి గానీ ఆగలేదు. ఆ ఇంటావిడ కేకలేస్తే "మా సంఘం తీర్మానమండీ" అన్నాడట.

ఈ గుద్దుళ్ళన్నిటిలో ముందుగా పోయేవి కళ్ళజోళ్ళు. కొమ్ము విరిగినవి, ముక్కు దిమ్మ ఊడినవి, అద్దం పగిలినవి, అన్నీ బస్టాండు సందులోకే వచ్చేవి. షాపు తెరవకముందే గుమ్మం దగ్గర జనం ఉండేవాళ్ళు. కార్యదర్శి చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని తల ఎత్తకుండా మరలు బిగిస్తుంటే, ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ చెవి ఒకళ్ళు కొరుక్కునేవాళ్ళు. మొదట ఆయనకు అర్థం కాలేదు. తర్వాత ఒకరోజు బేకరీ ఆయన పైకే అనేశాడు.

"ఏం బాబూ, బావా బావమరిదీ కలిసి మంచి ప్లానే వేశారు. ఆయన మమ్మల్ని గుద్దించడం, నువ్వు అతికించడం."

పాపం, కార్యదర్శి చేతిలో మర జారి కిందపడి ఎక్కడికో దొర్లిపోయింది. ఎవరి జోలికీ పోని మనిషి. పక్క షాపువాడు తన గుమ్మానికి అడ్డంగా బండి పెడితే, తనే పక్కకి ఒదిగి లోపలికి వెళ్ళే రకం. అలాంటివాణ్ణి పట్టుకుని దొంగను చేసి మాట్లాడేసరికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం టైపు టీచరమ్మ వచ్చింది. ఊళ్ళో సగం మందికి టైపు నేర్పిన మనిషి. నేర్పడం మానేసినా వాక్యం చివర చుక్క పెట్టడం మానలేదు. కళ్ళజోడులో ఒక అద్దమే మిగిలింది. రెండో కంటిని చేత్తో మూసుకుని గల్లాపెట్టె ముందు నిలబడింది.

"ఎదురుగా వస్తున్న దీపస్తంభం కనిపిస్తే పక్కకి తప్పుకుంటాం. వెనక నుంచి వస్తే ఏం చేస్తాం? నేను ఇక వెనక్కి నడవను. ఫుల్‌స్టాపు."

"తీర్మానం అయిపోయింది కదండీ" అన్నాడు ఆయన నీళ్ళు నములుతూ.

"సంఘానికి నియమావళి అంటూ ఏడ్చిందా? నడిపించేవాళ్ళు దాన్ని ఎప్పుడైనా చదివారా?"

నియమావళి ఉంది. ఎక్కడుందో కూడా ఆయనకు తెలుసు. కంటి పరీక్ష యంత్రం పెట్టిన బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద ఉంది. ఆయన బల్ల ఎత్తి పట్టుకుంటే టీచరమ్మ వంగి ఆ పుస్తకం లాగింది. బల్ల ఒరిగింది. గోడ మీద అక్షరాల పటం కూడా ఒరిగినట్టు అనిపించింది గానీ, అది టీచరమ్మ మెడ వంచి చూడటం వల్ల.

ఆ నియమావళి రాసింది సంఘం పెట్టిన పెద్దమనిషి. రిజిస్ట్రేషను ఆఫీసులో పనిచేసి, మామూలు మాటలంటే గిట్టనంత దాకా పోయిన మనిషి. ఆయన ఎప్పుడో కాలం చేశాడు. టీచరమ్మ ఒంటి అద్దంలోంచి గట్టిగా చదివింది.

"ఈ సంఘమున నడక యనగా, ముఖము ఏ వైపున నున్నదో ఆ వైపునకే పాదములు సాగుట. తదితర గమనములు నడక కావు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ మనం నడవనే లేదు!" అంది టీచరమ్మ. "మీ బావగారి తీర్మానం నియమావళికి విరుద్ధం. చెల్లదు. వెళ్ళి చెప్పండి."

"నేనా?" అన్నాడు ఆయన.

"కార్యదర్శి ఎవరు?"

కార్యదర్శికి ఆ ప్రశ్నకు జవాబు తెలుసు, అదే బాధ. బావంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ హడలు. అక్క పెళ్ళి చూపులకు వచ్చిన రోజునే బావ ఈయన్ని పెరట్లోకి పిలిచి, "వీపు నిటారుగా పెట్టు" అన్నాడు. ఈయన పెట్టాడు. ఇప్పటికీ బావ గొంతు వినబడితే వీపు దానంతటదే నిటారవుతుంది.

సాయంత్రం షాపు మూసి వెళ్ళాడు. ముందుగదిలో మాస్టారు కాళ్ళ మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. కాళ్ళ మీద పేపరు ఎవరైనా పరుచుకుంటారా అని ఈయనకు తోచలేదు. వీపు నిటారు చేసి, "బావగారూ, ఒక చిన్న విషయం" అన్నాడు.

"చిన్న విషయమైతే మీ అక్కతో చెప్పు" అన్నాడు మాస్టారు.

వంటింట్లో అక్క బెండకాయలు తరుగుతోంది. తమ్ముడు నియమావళి తెరిచి చూపిస్తూ, షాపులో పడిన మాటలూ బేకరీ ఆయన అన్న మాటా అన్నీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అక్క కత్తి పక్కన పెట్టింది.

"ఒరేయ్, మెల్లగా మాట్లాడు. మీ బావకు మోకాలు పోయిందిరా."

"పోవడమేమిటి?"

"నొప్పి. ఆ పేపరు కింద వేడినీళ్ళ సంచీ ఉంది, చూశావా? డాక్టరు రోజూ కాసేపు వెనక్కి నడవమన్నాడు. ఈయన అంతమందిలో ఒక్కడూ వెనక్కి నడిస్తే, డ్రిల్లు మాస్టారికే కాలు పోయిందని నవ్వుతారని బెంగ. రాత్రంతా ఆలోచించి ఊళ్ళోవాళ్ళందర్నీ వెనక్కి తిప్పాడు."

తమ్ముడు నియమావళి మూసేశాడు. "నీకు తెలిసి ఆ రోజు చెయ్యెత్తావా?"

"ఆవులించానురా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయనకు కోపం రావాల్సింది, రాలేదు. బావకు నొప్పి ఉంటుందన్న ఊహే ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. తీర్మానం రద్దు చేయాలి, మోకాలి మాట ఎత్తకూడదు అని అక్కా తమ్ముడూ అనుకున్నారు. అక్క ముందుగదిలోకి వెళ్ళి, "ఏవండీ, రేపు పార్కులో మీతో ఏదో మాట్లాడాలట అందరూ. కాదనకండి" అని మాత్రం చెప్పి వచ్చింది.

పొద్దున పార్కు బెంచీ దగ్గర పంచాయితీ మొదలైంది. టీచరమ్మ ఆ నియమం చదివి వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. మాస్టారి మొహం కందగడ్డ అయింది గానీ, ఆయన నియమాల మనిషి. "ఏదీ, ఇటివ్వండి" అని పుస్తకం తీసుకుని తిరగేశాడు. చివరి పేజీలో ఆయన మొహం వికసించింది.

"ఇదిగో వినండి. 'ఎట్టి తీర్మానమైనను, తప్పుదైనను సరే, మరియొక సమావేశమున రద్దగు వరకు సభ్యులు దానికి బద్ధులు.' కాబట్టి రద్దయ్యేదాకా వెనక్కే!"

"అయితే ఇప్పుడే సమావేశం, ఇప్పుడే రద్దు" అన్నాడు బేకరీ ఆయన.

"ఆగండి" అంది టీచరమ్మ పుస్తకం లాక్కుని. ఆవిడ మొహం వాడిపోయింది. "'సంఘ సమావేశములు నడచుచునే జరుపవలెను. కూర్చుండి మాటలాడువారికి ఓటు లేదు. వాన వచ్చినచో మాత్రము చూరు క్రింద నిలువవచ్చును.'"

కూర్చుంటే సమావేశాలు టీ పార్టీలు అయిపోతాయని ఆ పెద్దమనిషికి అప్పట్లో భయమట. ఇప్పుడు చిక్కు అందరికీ నెమ్మదిగా బోధపడింది. ముందుకు నడుస్తూ సమావేశం పెడితే, ఇంకా అమల్లో ఉన్న తీర్మానాన్ని ధిక్కరించినట్టు. వెనక్కి నడుస్తూ పెడితే, నియమావళి ప్రకారం అది నడకే కాదు, కాబట్టి సమావేశమే కాదు.

"పీతల్లా పక్కకి నడిస్తే?" అన్నారెవరో.

"అది రెండూ కాదు" అంది టీచరమ్మ. "కామా. మూర్ఖంగా కూడా ఉంటుంది."

"వాన పడేదాకా ఆగుదాం" అన్నాడు బేకరీ ఆయన. అందరూ తలలెత్తి చూశారు. మండువేసవి. ఆకాశంలో మబ్బు కాదు కదా, కాకి కూడా లేదు.

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గెలిచినట్టే ఉన్నాడు గానీ బరువంతా ఒక కాలి మీదే మోపాడు. కార్యదర్శి అది చూశాడు. చూసి, నేల చూపులు చూస్తూ, అంత మందిలో మొదటిసారి నోరు విప్పాడు.

"నియమావళిలో ముఖం ఏ వైపు ఉంటే పాదాలు ఆ వైపు సాగాలని ఉంది. ఛాతీ ఏ వైపు ఉండాలో లేదు."

"అంటే?" అన్నాడు మాస్టారు.

కార్యదర్శి వీపు నిటారైంది. అయినా ఆగలేదు. "అంటే, వెనక్కే నడుద్దాం. తల మాత్రం వెనక్కి తిప్పి, వెళ్ళేవైపు చూస్తూ. లారీ రివర్సు చేసే డ్రైవరులాగా. తీర్మానానికి తీర్మానం, నడకకు నడక."

టీచరమ్మ పుస్తకం మళ్ళీ చదివింది. పెదాలు కదిలాయి. "చెల్లుతుంది" అంది చివరికి. "మెడలు చెల్లుతాయో లేదో తెలియదు గానీ."

ఆ సమావేశాన్ని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంఘం మొత్తం కొలను గట్టు మీద బారులు తీరింది. మాస్టారు ఈల ఊదాడు. అందరూ మెడలు మెలితిప్పి, భుజాల మీంచి చూస్తూ, వెనక్కి కదిలారు. కొందరు కుడివైపు తిప్పారు, కొందరు ఎడమవైపు. దాంతో పక్కపక్కనున్నవాళ్ళు ముక్కూ ముక్కూ రాసుకుంటూ, ఏళ్ళ తరబడి మాటలు లేనివాళ్ళు కూడా ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళు పీల్చుకుంటూ నడిచారు. బేకరీ ఆయనకు అసలు మెడ అనేదే లేదు. ఆయన మొహం తిప్పాలంటే మనిషంతా తిరగాలి. భార్య ఆయన బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని తిప్పి ఉంచి, తానూ తల తిప్పుకుని నడిచింది. బాతులు గట్టెక్కి వచ్చి వరసగా నిలబడి చూశాయి.

"తీర్మానం రద్దు చేయాలని ప్రతిపాదిస్తున్నాను" అని టీచరమ్మ అరిచింది.

"బలపరుస్తున్నా... అమ్మో, పట్టేసింది!" అన్నాడు బేకరీ ఆయన.

"పట్టేసింది అని రాయాలా?" అన్నాడు కార్యదర్శి.

"బలపరిచాడు అని రాయండి!"

"ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు మాస్టారు. గొంతు ఎందుకో తగ్గింది. చేతులు లేచాయి. ఈసారి ఎవరూ ఆవులించలేదు, ఎవరూ వాన చూడలేదు. ఇక అధ్యక్షుడు "రద్దయింది" అని ప్రకటించాలి, అదీ నడుస్తూనే. అందరూ మెడలు తిరిగే ఉండగా ఎదురుచూస్తున్నారు.

మాస్టారు ప్రకటించలేదు. ఆగిపోయాడు. చెయ్యి మోకాలి మీదకు పోయింది. మెల్లగా పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"కూర్చున్నారు!" అని ఎవరో కెవ్వుమన్నారు. "కూర్చున్నవాళ్ళకు ఓటు లేదు! ఇప్పుడెలా?"

"మాస్టారూ, లేవండి, మెడలు విరిగిపోతున్నాయి!"

"మొండితనం చూశారా!"

మాస్టారు తల వంచుకుని ఉన్నాడు. ఈల చేత్తో నలుపుతున్నాడు. "మొండితనం కాదు" అన్నాడు చాలా చిన్నగా. "లేవలేకపోతున్నాను. మోకాలు. చాన్నాళ్ళయింది. డాక్టరు వెనక్కి నడవమన్నాడు. ఒక్కణ్ణీ నడవడానికి సిగ్గేసి మీ అందరికీ అంటగట్టాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలన్నా ఆ మెడలతో కుదరదు. టీచరమ్మ మాత్రం, "ఆ ముక్క మొదటే చెప్పుంటే నా అద్దం దక్కేది కదండీ" అంది. ఆ గొంతులో చుక్క లేదు.

కార్యదర్శి ఒక చెయ్యి, అక్క ఒక చెయ్యి పట్టుకున్నారు. "లేవండి బావగారూ" అన్నాడు ఆయన. తర్వాత ఏమనిపించిందో ఏమో, "వీపు నిటారుగా పెట్టండి" అన్నాడు.

మాస్టారు తలెత్తి బావమరిదిని చూశాడు. ఎప్పుడూ చూడనట్టు చూశాడు. వీపు నిటారుగా పెట్టాడు. ఇద్దరి మధ్యా వేలాడుతూ, మెడ తిప్పి, మూడడుగులో నాలుగడుగులో వెనక్కి వేసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"రద్దయింది!"

ఆ ఉత్సాహంలో అలవాటుగా ఈల కూడా ఊదాడు. ఈల వినగానే సంఘం మొత్తం ఒక్కసారిగా ముందుకు తిరిగింది. కుడికి తిరిగినవాళ్ళూ ఎడమకు తిరిగినవాళ్ళూ మధ్యలో కలుసుకున్నారు. బేకరీ ఆయన మెల్లగా, చాలా మర్యాదగా, కొలనులోకి జారాడు. నీళ్ళు మోకాలి లోతే గనక పరవాలేదు. బాతులు కాస్త జరిగి చోటిచ్చాయి.

వారం రోజుల పాటు ఊళ్ళో సగం మంది మెడలకు పట్టీలతో తిరిగారు. బస్టాండు సందులో గిరాకీ తగ్గిపోయి, కార్యదర్శి హాయిగా కూర్చుని నేల మీద పోయిన మర కోసం వెతుక్కున్నాడు. బేకరీ ఆయన ఒక బన్ను పొట్లం పట్టుకుని షాపుకొచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

మాస్టారి మోకాలి సంగతి టీచరమ్మ తేల్చింది. "వెనక్కి నడక నియమావళి ప్రకారం నడకే కాదు. కాబట్టి మాస్టారు చేసేది నడక కాదు, వైద్యం. వైద్యానికి సంఘం అనుమతి అక్కర్లేదు. ఫుల్‌స్టాపు."

అప్పటినుంచి సంఘమంతా ముందుకు నడిస్తే ఆయనొక్కడే వెనక్కి నడిచాడు. దారి చెప్పడానికి ఎదురుగా భార్య, ముందుకు నడుస్తూ. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంతసేపు ఎదురెదురుగా ఎప్పుడూ లేరు. పేపరు అడ్డం పెట్టుకోవడానికి లేదు, పక్కగదిలోకి పోవడానికి లేదు. మొదటి రోజు "ఎడమకి, కుడికి" తప్ప మాటల్లేవు. రెండో రోజు ఆవిడ పెళ్ళినాటి విషయాలు మొదలుపెట్టింది.

"పెళ్ళి చూపుల్లో నా మొహం చూడకుండా మా తమ్ముడి వీపు చూశారేమండీ?"

"చూశాను నీ మొహం."

"ఎప్పుడు?"

"వెళ్ళేటప్పుడు. గేటు దగ్గర. నువ్వు కిటికీలో ఉన్నావు."

"నేను కిటికీలో లేను. అది మా పిన్ని."

"పిన్నా?" అంటూ మాస్టారు ఆగబోయాడు.

"ఆగకండి, నడవండి. కుడికి. ఇంకా కుడికి. మా పిన్నిని చూసి నన్ను చేసుకున్నారా?"

ఆ గొడవలో దారి ఎవరూ చూసుకోలేదు. గేటు దాటేశారు, వీధి మలుపు తిరిగేశారు. బేకరీ ఆయన వాళ్ళు రావడం చూసి అద్దాల తలుపు తెరిచి పట్టుకున్నాడు. మాస్టారు వాదిస్తూనే వెనక్కి లోపలికి వచ్చి, కాలికి తగిలిన మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఎదురు కుర్చీ లాక్కుంది.

"రెండు టీ" అంది బేకరీ ఆయనతో. "మాకు ఇంకా చాలా ఉంది."